పోయిన మూడు డెసిబెల్స్

బోర్డును ఓవెన్‌లో పెట్టి తలుపు మూశాక ల్యాబు టెక్నీషియన్ తిరుమల్ రెండు చేతులూ ప్యాంటుకు తుడుచుకున్నాడు. చేతులకు తడేమీ లేదు. భయపడ్డ మనిషి ఏదో ఒకటి తుడుస్తూనే ఉంటాడని స్వరాజ్యానికి ముప్పయ్యేళ్ల ఉద్యోగం నేర్పింది.

"ఎంతసేపు ఉంచాలె?" అని అడిగింది.

"పైన పూత ఉన్న బోర్డు మేడమ్. లోపటి తేమ మెల్లగనే బయటికొస్తది. మధ్యాన్నం మూడింటికి తీద్దాం."

"అందాక ఇది ఓవెన్ల ఉన్న సంగతి ఎవ్వలకు చెప్పకు."

"మేనేజర్ సుశాంత్ సార్ అడిగితే?"

"ఎవ్వలకు అంటే సుశాంత్ సార్‌కు గూడ."

తిరుమల్ తల ఊపాడు. ఆ ఊపులో ధైర్యం లేదుగానీ మాట ఉంది. అంతకంటే ఎక్కువ ఆశించే రోజులు కావవి.

ఇబ్రహీంపట్నం శివార్లలోని ఆ కంపెనీలో సర్క్యూట్ బోర్డులు తయారవుతాయి. కిందటి వారం దాకా రమాకాంత్ అక్కడ సిగ్నల్ ఇంజినీరు. బోర్డు మీద వెంట్రుకంత సన్నటి రాగి గీతలుంటాయి. వాటి మీద సిగ్నల్ సెకనుకు కొన్ని వందల కోట్ల సార్లు కొట్టుకుంటూ పరుగెడుతుంది. అది ఎంత వేగంగా కొట్టుకుంటే దారిలో అంత కరిగిపోతుంది. కొంత రాగి తినేస్తుంది, కొంత రాగి కింద ఉన్న పలక తినేస్తుంది. అవతలి చివరికి ఎంత మిగులుతుందో బోర్డు తయారు కాకముందే లెక్కగట్టి చెప్పడం రమాకాంత్ పని. ఈ బోర్డులకు తొమ్మిది డెసిబెల్స్ నష్టం వస్తుందని అతను చెప్పాడు. కొన్నవాళ్లు పెట్టి చూస్తే పన్నెండు పోతోంది. మూడే కదా అని మనలాంటి వాళ్లం అనుకుంటాం. కానీ ఆ లెక్కలో మూడు పోయిందంటే సగానికి సగం పోయినట్టు. సరుకంతా తిరిగొచ్చింది. రమాకాంత్ లెక్క తప్పిందని ఊరూవాడా ఏకమై తేల్చేశారు.

ఆ రాత్రే అతను డ్రై రూమ్‌లో శవమై దొరికాడు. బల్ల మీద ఒక బోర్డుకు కేబుల్ తగిలించి ఉంది. అతని లాగిన్‌తో, ఏడు దాటాక తీసిన కొలత తెర మీద వెలుగుతోంది. పన్నెండు. తన తప్పు తన కళ్లతో చూసుకుని, నైట్రోజన్ నింపిన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడని సీఐ అమరేందర్ రాసేశాడు. ఈ సాయంత్రంతో ఫైలు మూసేస్తానని కూడా చెప్పాడు.

రమాకాంత్ భార్య యమున స్వరాజ్యం ఇంటికి వచ్చినప్పుడు, ఎవరు చంపారో కనిపెట్టమని అడగలేదు. "ఆయన తనంతట తనే పోయిండా మేడమ్? అదొక్కటి చెప్పున్రి. పొయ్యేముంగట నేనొక మాట అన్న. ఆ మాటే ఆయనను తిన్నదని నాకు అన్నం సయిస్తలేదు," అని, ఇక ఆ పైన మాట్లాడలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఏ మాట అని ఆ పూట స్వరాజ్యం అడగలేదు. వేలిముద్రల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. వేళ్లనైతే గట్టిగా నొక్కిపట్టి ముద్ర తీసుకోగలదు, ఏడుస్తున్న ఆడపిల్ల గొంతును నొక్కలేకపోయింది.

ఓవెన్ మీద ఎర్రదీపం వెలిగింది. స్వరాజ్యం కుర్చీ లాక్కుంది.

"ఇగ చెప్పు తిరుమల్. ఆ దినం ఆరింటికి నువ్వు ఇంటికి పోయేటప్పుడు రమాకాంత్ ఏం జేస్తుండె?"

"ఓవెన్ల బోర్డు పెట్టిండు మేడమ్. ఎనక్కొచ్చిన సరుకుల నుంచే ఒకటి. 'రాత్రంత ఉండని, పొద్దుగాల కొలుద్దాం తిరుమల్' అన్నడు."

"మరి ఏడు దాటినంక కొలిచిన బోర్డు ఏది?"

తిరుమల్ ఓవెన్ వైపు తిరిగి చూశాడు.

"ఓవెన్ల పెట్టకుండ ఎన్నడన్న కొలిచేటోడా?"

"ఎన్నడు లేదు. వానకాలంల మమ్ముల గూడ కొలవనియ్యకపోయేది. పలక గాలిల తేమ గుంజుకుంటది, నీళ్లు సిగ్నల్‌ను మస్తు తింటయ్. తడి బియ్యం తూచి ఇంత బరువా అని మొత్తుకున్నట్టు ఉంటదని మాకు చెప్తుండె."

"శవం దొరికినప్పుడు ఓవెన్ల ఏముండె?"

"ఏం లేదు. బంద్ చేసి ఉండె."

"గీ ముచ్చట పోలీసోళ్లకు చెప్పినవా?"

"చెప్పిన. సీఐ సార్ రాసుకోలే. వంట సంగతులు నాకెందుకన్నడు."

స్వరాజ్యానికి నవ్వు రావాల్సింది, రాలేదు. పొద్దున ఓవెన్‌లో పెట్టకముందు ఆ బోర్డును, ఆ రాత్రి బల్ల మీద దొరికినదాన్నే, తిరుమల్ చేత ఒకసారి కొలిపించింది. దాని మీది పోలీసు సీలు ఉన్నది ఉన్నట్టే ఉంది, కొలత కూడా మళ్లీ పన్నెండే వచ్చింది. ఇప్పుడు వేడిచేసి కొలిస్తే ఏమొస్తుందన్నది తేలాలి. కంపెనీ యజమాని మహేశ్వర్‌కూ అదే కావాలి గనుక సాయంత్రం వరకు ల్యాబు ఆమెకు వదిలేసి హైదరాబాద్ వెళ్లాడు. తప్పు ఎవరిదో తేలితే చాలునన్నాడు గానీ పోయిన మనిషి గురించి ఒక్క మాట అనలేదు.

ఒంటిగంట దాటాక యమున వచ్చింది. వెనకే ఆమె అన్న సుశాంత్, చేతిలో టిఫిన్ డబ్బాతో. ఈ కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరు అతను. బావకు ఇక్కడ ఉద్యోగం ఇప్పించిందీ అతనే. పాడె మోసిందీ అతనే. యమున రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తోందని కందుకూరులో తల్లి దగ్గరికి పోకుండా చెల్లెలింట్లోనే పడుకుంటున్నాడు. అన్నంటే ఇట్లా ఉండాలని చుట్టుపక్కల ఆడవాళ్లంతా అనుకుంటున్నారు.

"మేడమ్, పొద్దుగాల నుంచి ఏం తినలేదంట మీరు. పప్పు, చుక్కకూర ఉంది. తిన్రి," అన్నాడు.

"తింట. ముందుగాల రెండు మాటలు అడగాలె నీతోని. రమాకాంత్‌ను ఆఖరుసారి ఎప్పుడు చూసినవ్?"

"మధ్యాన్నం అన్నం కాడ. సీఐ సార్‌కు గూడ అదే చెప్పిన. అటెన్క నేను కోటింగ్ సెక్షన్ల ఉన్న, ఆయన గీ ల్యాబ్ల ఉన్నడు. మళ్ల మాట్లాడింది లేదు."

"ఫోన్ల?"

"ఫోన్ల గూడ లేదు."

"మనిషి ఎట్లుండె?"

"ఎట్లుంటడు మేడమ్? సరుకు వాపస్ వచ్చింది. మొకం మాడ్చుకొని కూసున్నడు. లెక్క తప్పినట్టుందని ఒక్క మాట అన్నడు, లేచి పోయిండు."

యమున తల దించుకుంది. సుశాంత్ ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడ కాస్త ఎక్కువసేపే ఉందని స్వరాజ్యానికి అనిపించింది. ఏడ్చేవాళ్ల తల నిమిరే మగవాళ్లంటే ఆమెకు మొదటినుంచీ కొంచెం చిరాకు, ఆ చిరాకే అయి ఉంటుందనుకుని దాన్ని పక్కన పెట్టింది.

"బోర్డు మీద పూత పూసేముందు ఓవెన్ల పెట్టాలంట గద. పెడ్తున్నరా?"

"పెట్టకుండ ఎట్ల? రూలది. లేకుంటే తేమ పూత కింద చిక్కుకపోతది. ప్రతి లాట్ నా చేతి మీదికెంచే పోతది మేడమ్. నేను సరే అంటెనే కోటింగ్‌కు."

"అన్ని లాట్లు?"

"అన్ని లాట్లు." అప్పుడే అతని చూపు మూలకు పోయింది. "ఓవెన్ నడుస్తున్నది. ఏముంది అండ్ల?"

తిరుమల్ మళ్లీ చేతులు తుడుచుకోబోయాడు. స్వరాజ్యం అందుకుంది. "నా చెప్పులు. వానకు తడిసినయ్."

సుశాంత్ గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే ఆమె కాళ్ల వైపు చూశాడు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి. నవ్వు ఆగిపోయింది గానీ పళ్లు ఇంకా కనబడుతూనే ఉన్నాయి.

"సరే మేడమ్. మీరు పెద్దోళ్లు, మీకు తెల్వందేముంది," అని, చెల్లెలి వైపు తిరిగాడు. "చెల్లే, వాన గట్టిగ పట్టింది. బడి జల్ది ఇడుస్తరు. నందినిని నేను తెస్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

"జల్ది రా అన్నా. శేరిగూడ రోడ్డు మీద నీళ్లు నిలిచినయంట."

"నా మేనకోడలు గద, నాకు తెల్వదా?"

అతను వెళ్లిపోయాడు. యమునను కూర్చోబెట్టి రెండు ముద్దలు తినమని, స్వరాజ్యం వరండాలోకి నడిచింది. తనకు మాత్రం ఆకలి చచ్చిపోయింది.

డ్రై రూమ్ వరండా చివర ఉంది. మనిషి చేతులు చాస్తే రెండు గోడలూ తగిలేటంత గది. బోర్డులకు తేమ తగలకుండా దాంట్లోకి నైట్రోజన్ వదులుతారు. దానికి వాసన లేదు, మంట లేదు, ఉక్కిరిబిక్కిరి చేయదు. అది నిండిన గదిలో రెండు మూడుసార్లు ఊపిరి పీలిస్తే, ఏదో అయిందని తెలిసేలోపే మనిషి కూలిపోతాడు. అందుకే లోపలికి వెళ్లేవాళ్లు ముందు బయట గోడకున్న వాల్వు కట్టేసి, తలుపు తీసి కాసేపు ఆగుతారు. దాని పక్కనే ఆక్సిజన్ అలారం. లోపల ప్రాణవాయువు తగ్గితే అది కూస్తుంది.

స్వరాజ్యం తలుపు లోపలి వైపు తడిమింది. గొళ్లెం లేదు, తాళం లేదు. తోస్తే తెరుచుకునే తలుపు. అలారం ఆపే బటన్ కోసం లోపలంతా వెతికింది. కనిపించలేదు. అది బయట, వాల్వు పక్కన ఉంది.

వరండా తుడుస్తున్న సీతాబాయి ఆమెను చూసి చీపురు పక్కన పెట్టింది.

"ఆ దినం సాయంత్రం నువ్వు ఈడనే ఉన్నవా?"

"మెట్ల కింద బకెట్లు కడుగుతున్ననమ్మా."

"ఎవ్వలన్న మొత్తుకున్నట్టు వినపడ్డదా?"

"లేదు. పోలీసోళ్లకు గదే చెప్పిన. వాళ్లు గదే అడిగిన్రు."

"మనిషి గాదు. ఆ మిషిని మొత్తుకున్నదా?"

"అవ్, కూసింది," అంది సీతాబాయి, అదీ ఒక సంగతేనా అన్నట్టు. "కూసింది, ఆగింది. జరసేపటికి మళ్ల కూసింది, మళ్ల ఆగింది. గట్ల శానసార్లు. సారోళ్లు టెస్టు చేసుకుంటున్నరనుకున్న. వానకాలంల అది ఊకె కూస్తది."

"ఆపింది ఎవ్వలో చూసినవా?"

"మెట్ల కింద ఉన్నంక ఏం కనబడ్తదమ్మా." అంతలోనే ఆమె మొహం మారింది. "అప్పుడు ఆ సారు లోపటనే ఉన్నడా?"

సీతాబాయి గోడకు ఆనుకుని కూలబడి, రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"సాక్షులను భయపెట్టుడు మంచిగ లేదు మేడమ్."

సీఐ అమరేందర్ మెట్లెక్కి వచ్చాడు. రెయిన్‌కోటు నుంచి నీళ్లు కారుతున్నాయి. పదేళ్ల కింద స్వరాజ్యం వేలిముద్రల రిపోర్టు ఒకటి అతని కేసును కోర్టులో కూలగొట్టింది. అతను దాన్ని మర్చిపోలేదు, ఆమె మర్చిపోనివ్వనూ లేదు.

"రిటైరైనంక మనుషులు తీర్థాలు తిరుగుతరు. మీరేంది, ఫ్యాక్టరీలు తిరుగుతున్నరు?"

"తీర్థాలల్ల నాకు పని దొరకలే అమరేందర్. ఆడ చూడకుండ రిపోర్టులు రాసేటోళ్లు లేరు."

"చూసే రాసిన. తలుపుకు లోపట తాళం లేదు. కావాల్నంటే బయటికి రావచ్చు, రాలేదు. దెబ్బ లేదు, గీత లేదు. వాల్వు తెరిచింది ఆయనే, లోపటికి పోయింది ఆయనే. ఇంకేం గావాలె?"

"అలారం?"

"ఖరాబైంది. ఆ దినం పని చెయ్యలే."

"నీకెవ్వలు చెప్పిన్రు?"

"మేనేజర్ సుశాంత్."

"పని చేస్తదో లేదో నువ్వు చూసినవా?"

అమరేందర్ రెయిన్‌కోటు గుండీలు విప్పుకున్నాడు. స్వరాజ్యం డ్రై రూమ్ తలుపు మూసి, వాల్వు తిప్పింది. ఇద్దరూ నిలబడ్డారు. బయట వాన శబ్దం తప్ప ఏమీ లేదు. అతను ఏదో వెటకారం ఆడబోయేసరికి అలారం వరండా అదిరేలా కూసింది. సీతాబాయి లేచి మెట్ల వైపు పరుగెత్తింది.

"నొక్కు," అంది స్వరాజ్యం.

అతను బటన్ నొక్కాడు. కూత ఆగింది.

"అయిపోయింది గద," అన్నాడు.

"నిలబడు."

నిలబడ్డారు. అతను గడియారం చూసుకున్నాడు. ఐదు నిమిషాలు కావస్తుండగా అది మళ్లీ మొత్తుకుంది. మళ్లీ నొక్కాడు. ఈసారి వేలు వెంటనే తీసేశాడు.

"గాలి మంచిగయ్యేదాక అది నోరు మూసుకోదు. నొక్కితే జరసేపు ఊకుంటది, అంతే," అంది స్వరాజ్యం వాల్వు కట్టేస్తూ. "బటన్ బయట ఉంది. లోపట పడిపోయినోడు దాన్ని నొక్కలేడు. సీతాబాయి విన్నది శానసార్లు కూసింది, శానసార్లు ఆగింది. అంటే ఆయన లోపటికి పోయినంక తలుపేసి వాల్వు తిప్పినోడు ఒకడు ఈడ నిలబడ్డడు, ఇప్పుడు నువ్వు నిలబడ్డకాడనే. లోపట మనిషి పానం పోతుంటే, అలారం మొత్తుకున్నప్పుడల్లా దాని నోరు నొక్కిండు. కోపంల ఒక్క దెబ్బ కొట్టినోడు గాదు వీడు. తలుపు తియ్యాల్నా వద్దా అని ఆలోచించుకునే టైము ప్రతిసారి దొరికింది వీనికి. ప్రతిసారి బటనే నొక్కిండు."

అమరేందర్ తను నిలబడ్డ చోటు నుంచి రెండడుగులు పక్కకు జరిగాడు. తెలిసి జరిగాడో తెలియక జరిగాడో.

"సరే, ఒకడున్నడే అనుకుందాం," అన్నాడు. గొంతు తగ్గింది గానీ పట్టు తగ్గలేదు. "తప్పు లెక్క జేసి సరుకంత నాశనం జేసినోణ్ని చంపితే ఎవనికి లాభం? నాలుగు దినాలైతే వాణ్ని కంపెనీయే బయటికి తోలుతుండె."

"తప్పు జేసినోణ్ని ఎవ్వడు చంపడు అమరేందర్. ఒప్పు జేసినోడే ఎవనికన్న అడ్డమొస్తడు. పా, ఓవెన్ తెరిచే టైమైంది."

బోర్డును ఓవెన్‌లోంచి తీసి చల్లారనిచ్చారు. యమున డబ్బా మూత కూడా తీయలేదు. తిరుమల్ కేబుల్ చివరలను మెత్తటి గుడ్డతో తుడిచి, బోర్డు అంచున ఉన్న పొడుగు గీతకు తగిలించాడు. కొలిచాడు. తర్వాత పొట్టి గీతకు తగిలించి కొలిచాడు.

"రెండు ఎందుకు?" అడిగాడు అమరేందర్.

"కేబుల్ తగిలించే కాడ గూడ జర నష్టమైతది సార్. అది రెండిట్ల ఒక్క తీరుగనే ఉంటది. పొడుగుదాండ్ల నుంచి పొట్టిది తీసేస్తే గీతది ఒక్కటే మిగుల్తది. కందులు తూచి గోనె బరువు తీసేస్తరు గద, గట్ల. తీసేసినంక వచ్చిన దాన్ని పూర గీత పొడుగుకు లెక్క గడ్తం. పొద్దుగాల గూడ ఇట్లనే కొలిస్తే పన్నెండు వచ్చింది."

అతను మీట నొక్కాడు. తెర మీద గీత ఒకటి ఎడమ నుంచి కుడికి కిందికి వాలుతూ పోయింది. పొద్దున అది నిట్టనిలువుగా జారింది. ఇప్పుడు మెల్లగా వాలింది. కింద అంకె పడింది.

తిరుమల్ చదవలేదు. స్వరాజ్యమే చదివింది.

"తొమ్మిది పాయింట్ ఒకటి."

"ఆయన చెప్పింది తొమ్మిది గద," అన్నాడు అమరేందర్, ఆఖరి గడ్డిపోచ పట్టుకుని.

"రమాకాంత్ సార్ ఉంటే ఆ పాయింట్ ఒకటి ఎందుకొచ్చిందని రాత్రంత కూసునేటోడు సార్," అన్నాడు తిరుమల్. అని, చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. ఈసారి తుడుచుకోవడానికి తడి ఉంది.

యమున తెర దగ్గరికి వచ్చింది. అంకె మీద వేలు పెట్టింది. "అంటే ఏంది మేడమ్?"

"మీ ఆయన లెక్క తప్పలే. బోర్డు తడిసింది. పూతకు ముంగట ఓవెన్ల పెట్టకుండ పంపిన్రు. తేమ పూత కింద చిక్కుకపోయి ఉన్నది. రమాకాంత్‌కు అనుమానమొచ్చింది. అందుకే ఒక బోర్డును ఓవెన్ల పెట్టిండు. పొద్దుగాల కొలిస్తే గిదే అంకె రావాలె. అది రాకుండ ఒకడు ఆయనను ఆపిండు, ఓవెన్ బంద్ చేసిండు, ఆయన లాగిన్‌తోని ఇంకొక తడి బోర్డును కొలిచి బల్ల మీద పెట్టి పోయిండు. పోలీసోళ్లు చూస్తరని."

అమరేందర్ మొహం ఎర్రబడింది. అతనిలోని పోలీసు అప్పటికే ముందుకు ఆలోచిస్తున్నాడు. "పూతకు పంపేది ఎవ్వలు?"

తిరుమల్ నేల చూపులు చూశాడు. ఒంటిగంటకు ఆ గదిలో నిలబడి, అన్ని లాట్లు తన చేతి మీదుగానే పోతాయని చెప్పింది ఎవరో అతనూ విన్నాడు, స్వరాజ్యమూ విన్నది. యమునా విన్నది, కానీ ఆమె ధ్యాస అక్కడ లేదు.

"నాకు గవన్ని సమజ్ కావు మేడమ్," అంది. "ఒక్కటి చెప్పున్రి. నా మాటకు పోలేదా ఆయన?"

"ఏం మాట బిడ్డా?" ఇప్పుడు అడగక తప్పలేదు.

యమున తెర మీద నుంచి వేలు తీయకుండానే చెప్పింది. "ఆ సాయంత్రం ఫోన్ చేసిన. నందిని పుట్టినరోజు. కేకు పెట్టుకొని కూసున్నది. రమ్మంటే, ఈ పూట ఒక్కటి ఉండాలె అన్నడు. నాకు మండింది. 'ఇంటికి రాకు, ఆ బోర్డులతోనే చావు' అన్న. పెట్టేసిన."

అమరేందర్ గొంతు సవరించుకున్నాడు. "ఆరుంబావుకు ఒక కాల్ ఉంది, అదే ఆఖరుది. రికార్డుల చూసిన. నిమిషం గూడ లేదు."

"ఆ మాట ఎవ్వలకన్న చెప్పినవా?" అడిగింది స్వరాజ్యం.

"ఎవ్వలకు చెప్పలే. సిగ్గయింది. మా అమ్మకు గూడ చెప్పలే."

"మీ అన్నకు?"

"అన్నకు నేను చెప్పుడేంది? అన్నకే తెలుసు గద. కాష్టం కాడికెంచి వచ్చినంక పక్కకు పిలిచి, 'బోర్డులతోనే చావు అన్నవంట చెల్లే, ఆ మాటకే బావ మనసు ఇరిగింది, ఎవ్వలకు చెప్పకు, నిన్నే అంటరు' అని..."

ఆమె ఆగింది.

మధ్యాహ్నం అన్నం దగ్గర తప్ప బావతో మళ్లీ మాట్లాడలేదన్నాడు సుశాంత్. ఫోన్‌లో కూడా లేదన్నాడు. ఆరుంబావుకు అన్న మాట అతనికి ఎలా తెలిసింది? రమాకాంత్ చెప్తే తెలియాలి, లేదా పక్కన నిలబడి వింటే తెలియాలి. ఎట్లా అయినా, ఆరుంబావు తర్వాత అతను రమాకాంత్ దగ్గరే ఉన్నాడు. ఇవన్నీ స్వరాజ్యం పైకి చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. యమున ఒక్కొక్కటీ తనే కలుపుకుంటోంది. ఆమె మొహంలోంచి అన్న ఒక్కొక్క ముక్కగా ఊడిపోవడం చూస్తూ నిలబడటం తప్ప స్వరాజ్యం చేయగలిగిందేమీ లేదు. చంపింది చాలక, ఆ చావును ఈ పిల్ల నెత్తిన పెట్టి, ఆ నెత్తి మీదే చెయ్యి వేసి నిమిరాడు. ఇన్నేళ్లలో ఎందరో నేరగాళ్లను చూసింది గానీ, ఇంత అసహ్యం ఆమెకు ఎప్పుడూ కలగలేదు.

"నా బిడ్డ," అంది యమున.

ఓవెన్ దీపం చూశాకే అతను బడికి బయల్దేరాడు. అప్పుడు రెండు కూడా కాలేదు. శేరిగూడ నుంచి ఇంటికి ఎంత నీళ్లు నిలిచినా అరగంట పట్టదు. ఇప్పుడు నాలుగు కావస్తోంది. వాన సాకు అతను చెప్తుంటే ఊరికే వింటూ కూర్చున్నందుకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

అమరేందర్ అప్పటికే ఫోన్ తీశాడు. కారు నంబరు ఏదని తిరుమల్‌ను సైగతో అడుగుతున్నాడు. అంతలో బల్ల మీద యమున ఫోన్ మోగింది. తెర మీద 'అన్న' అని ఉంది.

"ఎత్తు," అంది స్వరాజ్యం మెల్లగా. "స్పీకర్ పెట్టు."

యమున ఎత్తింది. "అన్నా, నందిని దొరికిందా?"

"నా పక్కనే కూసున్నది. బిస్కెట్లు తింటున్నది." వెనక కారు వైపర్ల చప్పుడు. "సాగర్ రోడ్డు మీదున్నం. లాంగ్ డ్రైవ్ పోదామన్నది, తిప్పుతున్న. ఆడ ఏమైంది చెల్లే? ఓవెన్ తెరిచిన్రా?"

"తెరిచిన్రు."

"ఎంతొచ్చింది?"

అంకె ఆమె కళ్ల ముందే ఉంది. తొమ్మిది పాయింట్ ఒకటి. దాని కోసమే ఆమె ఇన్ని రోజులు అన్నం మానేసింది. దొరికి పావుగంట కాలేదు. యమున స్వరాజ్యం వైపు చూసింది.

"పన్నెండే అన్నా," అంది యమున. గొంతు వణకలేదు. "మళ్ల పన్నెండే వచ్చింది. ఆయన లెక్కనే తప్పట. సీఐ సార్ ఫైల్ బంద్ చేస్తున్నడు. నువ్వు బిడ్డను తీస్కొని ఇంటికి రా."

అవతల వైపర్లు అటూ ఇటూ కొట్టుకున్నాయి. అతను ఊపిరి వదిలిన చప్పుడు ల్యాబంతా వినబడింది.

"నేను చెప్పిన గద తల్లీ," అన్నాడు. "ఏడ్వకు. జర ఆగి బండి మలుపుకొస్త."

అమరేందర్ వేళ్లు తన ఫోన్ మీద చకచకా కదులుతున్నాయి. సాగర్ రోడ్డు, తెల్లకారు, లోపల పాప. సుశాంత్ ఇక ఫోన్ పెట్టేస్తాడనుకున్నారు. పెట్టేయలేదు. బిస్కెట్ ప్యాకెట్ నలిగిన చప్పుడు, ఆ వెంటనే ఫోన్‌కు బాగా దగ్గరగా చిన్న గొంతు. అటు కూడా స్పీకరే పెట్టి ఉంది.

"అమ్మా, డాడీ తప్పు చేసిండా?"

అమరేందర్ వేళ్లు ఆగాయి. తిరుమల్ గోడ వైపు తిరిగిపోయాడు. యమున తెర మీది అంకెకు వీపు తిప్పి ఫోన్ మీదికి వంగింది.

"అవ్ బిడ్డా," అంది. "తప్పు చేసిండు."